మొలవలేదు గది

గుప్పెడులో ఒక గదిని మూయించడానికి సంస్థ మూడేళ్ళు తంటాలు పడింది. ఆ మూడేళ్ళూ తిట్లు తిన్నది మాత్రం నేను.

గుప్పెడు అంటే విత్తనాల సభ. డాబాల మీదా పెరళ్ళలోనూ కూరగాయలు పండించేవాళ్ళు ఇంటర్నెట్‌లో చేరి కబుర్లు చెప్పుకుంటారు. పాతరకం గింజలు గుప్పెడేసి కవర్లో పెట్టి పోస్టులో పంపుకుంటారు. పన్నెండేళ్ళ క్రితం విశాఖపట్నంలో ఒక అద్దెగదిలో కూర్చుని ముగ్గురితో మొదలుపెట్టాను. ఇప్పుడు పదకొండు వందల నలభైమంది. మధ్యలో ఒక సంస్థ దాన్ని తీసుకుని నన్ను జీతానికి నిర్వాహకుడిగా ఉంచింది. సొంత ఇంట్లో అద్దెకున్నట్టే నా బతుకు.

బీరకో గది, వంగకో గది, చిక్కుడుకో గది. వీటన్నిటి చివర "మొలవలేదు" అని ఒక గది. పంపిన గింజ మొలవకపోతే అక్కడ రాయాలి. ఎవరు పంపారో, ఏ రోజు నాటారో చెప్పి, ఖాళీ మట్టి ఫోటో పెట్టాలి. పంపినవాళ్ళు మూడురోజుల్లో వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి. మా సభలో సగం గొడవలు అక్కడే పుట్టేవి. కానీ ఆ గది ఉందన్న భయం వల్లే పుచ్చుగింజలు పంపడానికి ఎవరికీ చెయ్యాడేది కాదు. సంస్థకు ఇవేవీ పట్టలేదు. కొత్తగా చేరినవాళ్ళు ఆ గదిలోకి ఒకసారి తొంగిచూసి మళ్ళీ ఈ ఛాయలకు రావడంలేదంది. గదులన్నీ పడగొట్టి అందరి మాటలూ ఒకదాని కింద ఒకటి వచ్చే ఒకే ధార చెయ్యాలనీ, ముందు మొలవలేదు గదిని మూసెయ్యాలనీ పట్టుబట్టింది.

మొదటిసారి చెప్పి మూశాం. రెండురోజుల్లో రెండువందలమంది వెళ్ళిపోతే బతిమాలి వెనక్కి తెచ్చుకున్నాం. రెండోసారి చెప్పకుండా మూశాం. మర్నాటికల్లా ప్రతి గదిలో ప్రతి మాట కిందా "మొలవలేదు" అని రాసిపెట్టారు. ఒకాయన కూతురి పెళ్ళి శుభలేఖ పెట్టుకుంటే దాని కిందా అదే. వియ్యాలవారు ఏమనుకున్నారో నాకు తెలీదు.

రెండుసార్లూ అందరికంటే ముందు నడిచింది మా అప్ప. మావైపు అక్కను అప్ప అంటాం.

అప్ప పేరు నూకరత్నం. అనకాపల్లి పోస్టాఫీసులో పని. బావ పోయి నాలుగేళ్ళు. పదేళ్ళ కూతురు తన్మయి, డాబా మీద ఎనభై కుండీలు, ఇంటినిండా మాటలు. కాదనడం అప్పకు కూడుతో సమానం. బావ సంవత్సరీకం భోజనాల దగ్గర ఆయన అన్నగారు దేముడుబాబు, "పిల్లని మాకు పెంపకమిచ్చీ అమ్మా. మాకా పిల్లల్లేరు, నీకా ఒంటిబతుకు" అని అడిగాడు. ఆయన చెడ్డవాడు కాదు, కళ్ళనీళ్ళు పెట్టుకునే అడిగాడు. అప్ప విస్తట్లో పప్పు వడ్డిస్తూనే, "నేనొప్పుకోను బావగారూ. చారు పొయ్యమంటారా?" అంది. అప్పట్నుంచీ ఏ పండక్కి వచ్చినా ఆయన అడుగుతూనే ఉన్నాడు, అప్ప కాదంటూనే ఉంది. అవన్నీ గుప్పెడులో బీరపాదుల ముచ్చట్ల మధ్య రాసేసుకునేది కూడా. అప్పకు దాపరికం తెలీదు.

మూడోసారికి సంస్థ నన్ను ఋషికొండ దగ్గర ఒక ప్రయోగశాలకు పంపింది. అక్కడ డాక్టర్ వైజయంతి అనే ఆవిడ నన్ను తెర ముందు కూర్చోబెట్టింది. పంచదార లేని టీ తాగే మనిషి, గొంతు ఎప్పుడూ పైకి లేవదు.

"మీ సభ్యులు పన్నెండేళ్ళుగా రాసిందంతా తీసుకుని ఒక్కొక్కరికీ ఒక నకలు తయారుచేశామండీ. వాళ్ళలాగే మాట్లాడతాయి, వాళ్ళకొచ్చే కోపమే వస్తుంది. బయట సభలో ఏం జరిగినా, ఎవరికి ఏ కబురు వెళ్ళినా వీటికీ చేరుతూ ఉంటుంది. గది మూస్తున్నామని ముందు వీటికి చెప్పి చూద్దాం" అంది.

తెర మీద బొబ్బిలి వాసుదేవరావు మాస్టారి నకలు. ఆయన మా సభలో రెండో మొండిఘటం. గది మూస్తున్నామని కబురు పెట్టగానే "అయ్యా, నిర్వాహకులవారికి" అంటూ అచ్చం ఆయన ధోరణిలోనే రెండు పేజీల నిరసన వచ్చింది. ఆవిడ ఒక మీట నొక్కింది. నకలు అంతా మరిచిపోయి మొదటికొచ్చింది. ఇంకో మాటతో కబురు వెళ్ళింది, ఇంకో నిరసన వచ్చింది. తర్వాత యంత్రం తనంతట తానే మాటలు మార్చుకుంటూ పోయింది. మేం టీ తాగి వచ్చేసరికి నాలుగువేల నూట పన్నెండోసారి. అప్పుడు వెళ్ళిన కబురు ఇది: "మాస్టారూ, పరీక్ష తప్పిన పిల్లల పేర్లు మీరు బోర్డు మీద రాసేవారట. ఆ తర్వాత బడికి రాని కుర్రాడి పేరు మీకు గుర్తుందా?"

జవాబు ఒకే ఒక్క మాట వచ్చింది. "సరే."

"ప్రతి మనిషికీ ఒక మెత్తచోటుంటుందండీ. అక్కడ తాకితే ఎదురుచెప్పడం ఆగిపోతుంది. అదెక్కడుందో ఆ మనిషికే తెలీదు. నకలు వెతికి పెడుతుంది" అంది వైజయంతి.

నాకు భయం వేసి ఉండాల్సింది. కానీ హాయిగా అనిపించింది. మూడేళ్ళు తిట్లు తిన్నవాడికి ఆ సరే ఎంత తియ్యగా ఉంటుందో తిన్నవాడికే తెలుసు.

పన్నెండు రోజుల్లో అందరి మెత్తచోట్లూ దొరికాయి, ఒక్కటి తప్ప. అప్ప నకలు మూడు లక్షలసార్లు కాదంది. ఏ రెండుసార్లూ ఒకేలా అనలేదు. ఒకసారి వెక్కిరించింది, ఒకసారి సామెత చెప్పింది, ఒకసారి ఎదురు మాకే ప్రశ్నలు వేసింది. వైజయంతి నావైపు తిరిగింది.

"ఈవిడ ఎక్కడా రాయనిది ఏదో ఉందండీ. మీరు తమ్ముడు కదా."

ఉంది. బావ ఆఖరి రోజుల్లో, ఆయన్ని ఇంకో ఆస్పత్రికి మార్చాలని అప్ప డాక్టర్ల మీద కలబడుతోంది. బావ అప్ప చెయ్యి పట్టుకుని, "రత్నం, ఇంక నన్ను వదిలీ" అన్నాడు. అప్ప నోరు మూసుకుని కూర్చుంది. జన్మలో మొదటిసారి. ఆ ఆస్పత్రి గదిలో ఉన్నది మేం ముగ్గురమే.

అది చెప్పాను. చెప్పకూడదని తెలిసే చెప్పాను. ఇంట్లో గొడవ సభలోకి తెచ్చిందని అప్ప మీద నాకు ఎప్పట్నుంచో గుర్రుగా ఉంది. ఉద్యోగం నిలబెట్టుకోవాలనీ ఉంది. ఆ వాక్యం లోపలికి వెళ్ళిన రెండు నిమిషాలకు నకలు సరే అంది.

సోమవారం పొద్దున పదింటికి పదకొండు వందల నలభైమందికీ ఎవరి కబురు వాళ్ళకు వెళ్ళింది. పదకొండయ్యేసరికి పదకొండు వందల నలభై సరేలు వచ్చాయి. గది మూశాం. ఒక్కరు తిట్టలేదు, ఒక్కరు వెళ్ళిపోలేదు. సంస్థవాళ్ళు మాడుగుల హల్వా పంపించారు. నేను అలవాటైన తిట్ల కోసం సాయంత్రం దాకా ఫోన్ చూస్తూ కూర్చున్నాను. అది పాడైందేమోనని రెండుసార్లు ఆర్పి వెలిగించాను.

ఆ వారం కొత్తగా చేరినవాడెవడో ధారలో తమాషాకి రాశాడు: "బీరగింజలు ఉడకబెట్టి నాటితే బాగా మొలుస్తాయట, అందరూ చెయ్యండి." కింద నాలుగువందల సరేలు పడ్డాయి. పోనీ వేళాకోళం అనుకున్నాను. మర్నాడు ఫోటోలు రావడం మొదలైంది. కుక్కర్లలో గింజలు. తట్టల్లో ఆరబెట్టిన ఉడికిన గింజలు. కుండీలలో వరసగా నాటి నీళ్ళు పోసిన మట్టి. ముప్పై ఏళ్ళుగా దాచుకున్న రకాలు అవి. నేను ఒక్కొక్క ఫోటో చూస్తూ పోయాను. ఎక్కడా ఒక్క ప్రశ్న లేదు.

ఆదివారం బొబ్బిలి నుంచి మాస్టారి కోడలు ఫోన్ చేసింది.

"మావయ్యగారు ఎండలో కూకుండిపోయారండి. పాలబ్బాయి వచ్చి, తాతగారూ కాసేపిక్కడ కూకోండి అన్నాడంట. పొద్దుట్నించి లెగలేదు. ఒళ్ళంతా కమిలిపోయింది. లెగండి అంటే సరే అని లెగిసేరు. మీ సభలో ఏటైనా అయ్యిందేటండి?"

నేను ఫోన్ పెట్టేసి అనకాపల్లి బస్సెక్కాను.

మధ్యాహ్నం ఒంటిగంట. తలుపు తీసే ఉంది. చెప్పులతో నేరుగా వంటింటిదాకా వెళ్ళాను. మామూలుగా అయితే గుమ్మంలోనే నా పరువు పోవాలి. అప్ప స్టూలు మీద కూర్చుని గోడకేసి చూస్తోంది. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వులో ఏ లోపమూ లేదు.

తన్మయి నన్ను డాబా మీదకు లాక్కుపోయింది. మూడురోజులుగా దువ్వని తల, మాసిన గౌను.

"మావయ్యా, అమ్మ నన్ను తిట్టట్లేదు."

"మంచిదే కదమ్మా."

"బడికెళ్ళనన్నాను. సరేనంది. అన్నం తిననన్నాను. సరేనంది. నిన్న నిజంగా వింటందా లేదా అని, ఈ పిట్టగోడెక్కి నడుస్తానన్నాను." పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "దానికీ సరేనంది మావయ్యా."

పిట్టగోడ అవతల రెండంతస్తుల లోతున రోడ్డు. నేను పిల్లను దగ్గరికి తీసుకున్నాను.

"పెదనాన్న ఫోన్ చేసాడు" అంది నా చొక్కాలోంచి. "గురువారం నన్ను తీసుకెళ్ళిపోడానికి వస్తన్నాడు. అమ్మ ఒప్పీసుకుంది."

సోమవారం పొద్దున్నే ప్రయోగశాలలో ఉన్నాను. వైజయంతి తెర నావైపు తిప్పింది. నకళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి, ప్రతిసారీ మొదటికొచ్చినవి కనుక వాటికి ఏమీ కాలేదు. బయట జరిగేదంతా వాటికి చేరుతూనే ఉంది. తమ పేర్లతో బయటివాళ్ళు రాస్తున్న సరేలన్నీ అవి చదివాయి. చదివి, తమలో తాము ఒక గది తెరుచుకున్నాయి.

గది పేరు మొలవలేదు.

"వీటికి ఎవరూ చెప్పలేదండీ" అంది వైజయంతి. మొదటిసారి ఆవిడ గొంతు తడబడింది.

వరసలు వరసలుగా ఉన్నాయి. "వాసుదేవరావు, బొబ్బిలి. కబురు నాటింది సోమవారం. మనిషి మొలవలేదు." ప్రతి పేరు కిందా ఒక ఫోటో. నకళ్ళకు చేతుల్లేవు, మట్టి లేదు. అయినా ప్రతి ఫోటోలోనూ తడి ఆరని ఖాళీ మట్టి ఉంది. అన్నిటికంటే కింద అప్ప నకలు రాసింది: "నూకరత్నం, అనకాపల్లి. ఈవిడ నేను కాదు. నేనైతే ఒప్పుకోను. పంపినవాళ్ళు వచ్చి సమాధానం చెప్పండి."

"దీన్ని వెనక్కి తిప్పే మాట ఉందా?" అని అడిగాను.

"వారం నుంచీ అదే వెతుకుతున్నానండీ. సరే అనిపించడానికి వేల దారులు దొరికాయి. మళ్ళీ కాదనిపించడానికి ఒక్కటీ లేదు. కాదనమని చెప్తే కాదంటారు. అది కూడా ఒప్పుకోవడమే కదా." సొరుగు లాగి ఒక తీగ బయటికి తీసింది. "శుక్రవారానికి నకళ్ళన్నీ తుడిచెయ్యాలని సంస్థ ఒప్పందం."

ఆవిడ లేచి, ఒక లాప్‌టాప్‌కి తీగ తగిలించి, ఏదో ఎక్కించి, నా ముందు పెట్టింది.

"మీ అప్పగారిది. నేనివ్వలేదు, మీరు పట్టుకెళ్ళలేదు."

గురువారం పదకొండింటికి దేముడుబాబు, ఆయన భార్య వచ్చారు. అరటిపళ్ళ గెల, పిల్లకు కొత్త పరికిణీ, తల్లి సంతకం కోసం పెంపకం కాగితాలు తెచ్చుకున్నారు. ఆయన భార్య తన్మయి తల చూసి, నొచ్చుకుని, చీరకొంగుతో ముఖం తుడిచింది. తన్మయి వచ్చి నా వెనక నక్కింది.

"బావగారూ, అప్పకు ఒంట్లో బాలేదండి. ఇప్పుడు కాయితాలు వద్దు" అన్నాను.

"చూడు పైడిరాజూ, నువ్వు మేనమావవి, కాదన్ను. కానీ తల్లే ఒప్పుకుంది కదా" అన్నాడు ఆయన మెల్లిగా. అప్ప కలం తీసుకుంది.

"అప్పా, వద్దను" అన్నాను.

"వద్దు" అంది అప్ప, కలం కింద పెట్టి.

దేముడుబాబు తెల్లబోయాడు. "అదేటమ్మా. ఫోన్లో సరేనన్నావు కదా."

"సరే" అంది అప్ప, మళ్ళీ కలం తీసి.

"అప్పా, కలం పెట్టీ" అన్నాను. పెట్టింది. "సంతకం చెయ్యి తల్లీ" అన్నాడు ఆయన. తీసింది. రెండుమూడుసార్లు అలా జరిగింది. అప్ప ముఖంలో నవ్వు చెక్కుచెదరలేదు. దేముడుబాబు భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఆట ఆపడానికి నాకు ఇంకేమీ తోచలేదు. లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టి, అది ఏమిటో, నేనేం చేశానో ఆయనకు నాలుగు ముక్కల్లో చెప్పాను. బావ మాట సంగతి ఒక్కటి మాత్రం చెప్పలేదు.

ఆయన నమ్మలేదు. తన్మయి మాత్రం అడగకుండానే తెర ముందు కూర్చుని కొట్టింది: "అమ్మా, పెదనాన్న నన్ను తీసుకెళ్ళిపోడానికి వచ్చాడు."

జవాబు వెంటనే వచ్చింది. పిల్ల పైకి చదివింది.

"బావగారూ, బాగున్నారా. మీ తమ్ముడి సంవత్సరీకం నాడు చెప్పిందే ఇప్పుడూ చెప్తన్నాను. నా పిల్లని నేనే పెంచుకుంటాను. మీకు చూడాలనుంటే ఆదివారం రండి, పిల్లగుంట కూడా సంతోషపడతాది. కాయితాలు మాత్రం పట్టుకు రాకండి. నేనొప్పుకోను. అక్కయ్యగారికి మోకాళ్ళ నొప్పి తగ్గిందా?"

దేముడుబాబు ఆ అక్షరాల వంక చాలాసేపు చూశాడు. మూడేళ్ళుగా ప్రతి పండక్కీ విన్న మాట అది. తర్వాత నవ్వుతూ కూర్చున్న అప్పను చూశాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈ సరే నాకొద్దమ్మా" అన్నాడు అప్పతో. "నీకు బాగయ్యేక, నువ్వే కాదను. వింటాను." అరటిపళ్ళు అక్కడే వదిలి ఇద్దరూ వెళ్ళిపోయారు.

నేను గోడకు జారబడ్డాను. పిల్ల అప్ప దగ్గరే నిలిచింది. ఆ నిమిషంలో నన్ను నేనే క్షమించుకోవడం కూడా మొదలుపెట్టాను, సిగ్గు లేకుండా.

తన్మయి తెర ముందునుంచి కదలలేదు. "అమ్మా, నేనివాళ బడి మానేసాను" అని కొట్టింది. వచ్చింది చదివింది: "ఎవర్నడిగి మానీసావు? తల దువ్వుకుని ఎన్నాళ్ళయ్యింది? అక్కడున్న ఆవిణ్ణి నూనె రాసి జడెయ్యమను."

"అమ్మా, నూనె రాసి జడెయ్యమంటంది" అంది తన్మయి వెనక్కి తిరిగి.

"సరే" అంది అప్ప. లేచి కొబ్బరినూనె సీసా, దువ్వెన తెచ్చుకుని పిల్ల వెనక కూర్చుంది. పాయలు తీసి, చిక్కులు విప్పి, గట్టిగా బిగించి అల్లింది. ఆ వేళ్ళు ఏమీ మరిచిపోలేదు. పిల్ల అడుగుతూ ఉంది, తెర చెబుతూ ఉంది, అప్ప చేస్తూ ఉంది. మా అప్ప రెండు ముక్కలై ఆ ఇంట్లో ఉంది. ఒక ముక్కకు చేతుల్లేవు, ఇంకో ముక్కకు కాదనడం లేదు. మధ్యలో ఆ రెంటినీ కలిపి పట్టుకున్నది పదేళ్ళ పిల్ల. నాకు ఏడుపొచ్చింది.

"మావయ్యా, అమ్మ నిన్నడుగుతోంది" అంది తన్మయి. "మీ నాన్న ఆఖరిమాట ఆ కబురులోకి ఎలా వచ్చింది, వాళ్ళకి చెప్పింది ఎవరు, పైడీని అడుగు అంటోంది."

అబద్ధం చెప్పడం ఎంతసేపు. ప్రయోగశాలవాళ్ళు ఎక్కడో పట్టుకున్నారని అంటే సరిపోయేది. పిల్ల నూనె కారుతున్న ముఖంతో నా వంకే చూస్తోంది.

"నేనే చెప్పాను" అన్నాను.

తన్మయి ఆ మాటే కొట్టింది. వచ్చిన జవాబు పిల్ల ముందు లోపల్లోపల చదువుకుంది. తర్వాత నా వంక చూడకుండా, అప్పకు చదివి వినిపించింది.

"వాణ్ణి బయటికి పంపించి తలుపెయ్యి. మళ్ళీ వస్తే తియ్యొద్దు. ఎంత బతిమాలినా తియ్యొద్దు. నా ఇంట్లోకి వాడు రావడానికి నేనొప్పుకోను."

"సరే" అంది అప్ప. వచ్చి నా మోచెయ్యి పట్టుకుని లేపింది. విసురు లేదు, కోపం లేదు. గుమ్మం దాకా నడిపించి, నేను దాటాక తలుపు వేసి గడియ పెట్టింది.

"అప్పా, తప్పయిపోయింది. తలుపు తియ్యవే" అన్నాను తలుపుకి నోరు ఆనించి.

"సరే" అని లోపల్నుంచి వినబడింది. గడియ కదిలింది.

"అమ్మ వద్దంది" అంది తన్మయి.

"సరే." గడియ ఆగిపోయింది.

"ఒక్కసారి అప్పా."

"సరే." మళ్ళీ గడియ చప్పుడు.

"అమ్మ వద్దందమ్మా." పిల్ల అడుగులు తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చాయి. "వద్దంది కదా, తియ్యకు."

"సరే."

నేను అడిగినన్నిసార్లూ ఆ చెయ్యి గడియ మీదకి వెళుతుంది. అన్నిసార్లూ ఆ పిల్ల ఆపాలి. చెప్పులు వేసుకుని, ఇంకేమీ అడక్కుండా మెట్లు దిగాను.